తుపాను వాక్యమునకు టీక

మూలము: “తుపానంట బావా, కాయలు దించీ.”

అవతారిక: అక్టోబరులో ఒక ఉద్దానం రైతు వజ్రపుకొత్తూరు వైపు తోటలో పలికిన వాక్యమిది. రసము భయానకము. కవికి అలంకారములు వెదుకు తీరిక లేదు.

తుపాను: అరబ్బీ పదము. ఖురానులో నూహ్ ప్రవక్త కాలపు జలప్రళయమునకు ఇదే పేరు. మన గాలివానను పక్కకు నెట్టి కూర్చున్నది. గ్రీకుల టైఫన్ అను భూతము నుండి పుట్టెనని కొందరు, అరమాయిక్ సొమ్మని కొందరు. అరబ్బీ నిఘంటుకారులు మాత్రము ‘తాఫ’ ధాతువు చూపుదురు: చుట్టూ తిరుగుట. మక్కాలో కాబా చుట్టు తిరుగు ‘తవాఫ్’ దీని తోబుట్టువే. ఉద్దానము ఓటు వీరికే. ఏలయన, తీరమునకు వచ్చు తుపాను ముందు ఉత్తరపు గాలియై వేళ్లు కదుపును. కన్ను దాటిన పిమ్మట దక్షిణపు గాలియై చెట్టు కూల్చును. తిరుగనిదే ఇది ఎట్లు పొసగును? భూమధ్యరేఖకు ఉత్తరాన తుపాను తిరుగుట గడియారపు ముల్లుకు ఎదురు; తవాఫ్ కూడ అంతే. మన గుడి ప్రదక్షిణమే ముల్లు వెంట పోవును. 1848లో కలకత్తాలో పిడింగ్టన్ దొర పాము చుట్టను తలచి ‘సైక్లోన్’ అని పేరు కట్టెను. అరబ్బీకది పాత కబురు. (కబురు కూడ అరబ్బీయే, దానికి వేరే టీక కావలెను.)

అంట: విన్నది విన్నట్లు చెప్పుట. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరము దాటిన తిత్లీ గాలి గంటకు 140–150 కిలోమీటర్లు. ఆనాటితో ‘అంట’ను తేలికగా తీసుకొనువారు తగ్గిరి. తిత్లీ అనగా సీతాకోకచిలుక. పేరు పెట్టినది పాకిస్తాన్. 2014 నాటి హుద్‌హుద్ ఒమాన్ పెట్టినది, అరబ్బీలో కూకుడుగువ్వ. పేర్లు ముద్దుగానే ఉన్నవి.

బావా: వ్యాఖ్య అక్కరలేదు.

కాయలు: కొబ్బరికాయలు. జీడి అను పూర్వపక్షము చెల్లదు. ఆ కోత వేసవిలోనే ముగిసినది.

దించీ: ‘దించివేయుము’. తొందరలో ‘వేయుము’ రాలిపోయినది. వైయాకరణులు కొందరు ఒప్పుకొనరు. వారికి తోటలు లేవు.

విశేషము: మూలమున చెట్టు ఊసు లేదు. కాయను దించవచ్చును, చెట్టును దించలేము. నాటు కొబ్బరి మళ్లీ కాపుకు వచ్చుటకు ఆరేడేళ్లు. ఫైలిన్ 2013 అక్టోబరు 12, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12, తిత్లీ అక్టోబరు 11. కావున చదువరులు ఈ టీకను సెప్టెంబరులోనే చదువుకొనగలరు.