ఐదు రూపాయల కుర్చీ, వెయ్యి రూపాయల జీవో

సినిమా టికెట్ ధర ఎవరు పెడతారు? నిర్మాతా? హాలు యజమానా? బొమ్మ బాగుందో లేదో చూసి జనమా? ఎంత అమాయకులండీ మీరు! హీరోగారు ఈ ఏడు అధికారపక్షమా, ప్రతిపక్షమా? దాన్నిబట్టి పలుకుతుంది రేటు.

నమ్మరా? 2021 ఏప్రిల్ 8న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 35 తెచ్చింది. పంచాయతీ ఊళ్లలో ఏసీ లేని హాల్లో చవక టికెట్ 5 రూపాయలు. అవును, అక్షరాలా ఐదు. పేదవాడికి వినోదం అందాలని ప్రభువుల మనసు కరిగిపోయింది. మర్నాడు, ఏప్రిల్ 9న, పవన్ కళ్యాణ్ 'వకీల్ సాబ్' విడుదల. ఆయన అప్పుడు ప్రతిపక్షం. కాకతాళీయం అంటారా? అనండి, నాకేం పోయింది!

ఇప్పుడు 2025 సెప్టెంబర్‌కి రండి. అదే రాష్ట్రం, అదే హీరో. 'ఓజీ' అర్ధరాత్రి ఒంటిగంట ఆటకి టికెట్ 1,000 రూపాయలు, జీఎస్టీతో సహా. ప్రభుత్వం వారి అనుమతితో. హీరోగారు ఇప్పుడు ఉప ముఖ్యమంత్రి. నాలుగేళ్లలో పేదవాడి వినోదం ఏ ఏట్లో కలిసింది? ఐదు రూపాయలకి కరిగిన మనసు వెయ్యి దగ్గరికొచ్చేసరికి ఎలా గడ్డకట్టింది? పార్టీలు మారాయి కాబట్టి అంటారా? కుర్చీ మారలేదుగా. ఆ కుర్చీలో నల్లులూ మారలేదు.

ఇంకో ముచ్చట. అదే ఏడాది మే నెలలో ఉప ముఖ్యమంత్రి కార్యాలయం గర్జించింది. హాళ్లలో పాప్‌కార్న్ ఎంతకి అమ్ముతున్నారు, మంచినీళ్ల సీసా ఎంత, మరుగుదొడ్లు శుభ్రంగా ఉన్నాయా, తనిఖీ చెయ్యండి అని. శభాష్! ప్రేక్షకుడి జేబు గురించి పట్టించుకునే నాథుడు దొరికాడనుకున్నాం. నాలుగు నెలలకి తెలిసింది. జేబులో పాప్‌కార్న్ వాడు చెయ్యి పెట్టకూడదు. ఆ హక్కు వేరేవాళ్లది.

ఎక్కడో షాలిమార్‌లో ఉంటున్నవాడికి ఇవన్నీ ఎందుకు అని మీరు అడగొచ్చు. చెప్తాను. షాలిమార్ అంటే కాశ్మీరు తోట కాదు. హుగ్లీ నదికి ఇవతల, హావ్‌డా శిబ్‌పూర్ పక్కన, బొటానికల్ గార్డెన్‌కి కూతవేటు దూరం. 1902లో షాలిమార్ పెయింట్స్ పుట్టింది ఇక్కడే. కోరమండల్ ఎక్స్‌ప్రెస్, హైదరాబాద్ వెళ్లే ఈస్ట్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్ ఇప్పుడు ఇక్కడినుంచే బయల్దేరతాయి. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజులనుంచీ ఇక్కడికీ, ఖరగ్‌పూర్‌కీ తెలుగువాళ్లు వస్తూనే ఉన్నారు. కొందరు రైల్వేలో, కొందరు జనపనార మిల్లుల్లో. మమ్మల్ని ఇక్కడివాళ్లు నేటికీ 'మద్రాసీ' అంటారు. మద్రాసు నుంచి మనం విడిపోయింది 1953లో. ఆ కబురు ఇక్కడికింకా చేరలేదు. కోరమండల్ కూడా ఇంత ఆలస్యంగా నడవదు.

షాలిమార్ పేరుతో 1978లో ఒక సినిమా వచ్చింది, గుర్తుందా? ధర్మేంద్ర, జీనత్ అమన్, హాలీవుడ్ నుంచి రెక్స్ హారిసన్. హిందీలో, ఇంగ్లిషులో ఒకేసారి. ప్రపంచాన్నే దున్నేద్దామనుకున్నారు. రెండుచోట్లా బోల్తా కొట్టింది. పాన్ ఇండియా, పాన్ వరల్డ్ అని తెల్లవార్లూ కలవరించే మన నిర్మాతలు ఇటొచ్చినప్పుడు ఈ ఊరి పేరు చూసైనా ఓ క్షణం ఆగాలి.

పాన్ ఇండియా అంటే మాకు దక్కిందేమిటో తెలుసా? తెలుగు సినిమా హిందీ డబ్బింగులో. పక్కా చిత్తూరు యాసలో 'పుష్ప' మాట్లాడాడని మీరు అక్కడ ఈలలు వేశారు. ఇక్కడ మా పిల్లలు ఆ తెగువంతా హిందీలో విన్నారు. 'పుష్ప 2'లో శ్రేయా ఘోషల్ ఒకే పాటని ఆరు భాషల్లో పాడింది, అందులో బెంగాలీ కూడా ఉంది. బెంగాలీకి పాట దొరికింది. బెంగాల్లో ఉన్న తెలుగువాడికి తెలుగు ఆట దొరకడానికి మాత్రం ఊరంతా గాలించాలి. పైగా 3 గంటల 20 నిమిషాలు చాల్లేదని, జనవరిలో ఇంకో 20 నిమిషాలు అతికించి మళ్లీ వదిలారు. ఎవరడిగారయ్యా?

ఆ 'పుష్ప 2' దగ్గరే ఆగుదాం. నవ్వు ఇక్కడ ఆగిపోతుంది. 2024 డిసెంబర్ 4 రాత్రి హైదరాబాద్ సంధ్య థియేటర్ దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది. కొడుకు నెలల తరబడి ఆసుపత్రిలో ఉన్నాడు. ఆ రాత్రి ప్రీమియర్‌కి మామూలు రేటు మీద అదనంగా 800 వసూలు చేసుకోమని అనుమతి ఇచ్చింది ఎవరు? తెలంగాణ ప్రభుత్వమే. డిసెంబర్ 13న హీరో అల్లు అర్జున్ అరెస్టు. 14న విడుదల. డిసెంబర్ 21న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి నిండు శాసనసభలో చెప్పారు: తాను ఆ కుర్చీలో ఉన్నంతకాలం బెనిఫిట్ షోలు ఉండవు, రేట్ల పెంపు ఉండదు. సభ బల్లలు చరిచింది. టీవీ ముందు మేమూ చరిచాం. పాపం, మా చేతులే నొప్పెట్టాయి.

ఎందుకంటే, సంక్రాంతి ఇంకా రానేలేదు, జనవరి 8న 'గేమ్ ఛేంజర్'కి రేట్ల పెంపు వచ్చేసింది. సింగిల్ స్క్రీన్‌లో 100, మల్టీప్లెక్సులో 150. తెల్లవారుజామున 4 గంటలకే ఆట. హైకోర్టు గట్టిగా ప్రశ్నించాక వెనక్కి తగ్గారు. ఇంతకీ ఆ సినిమా కథేమిటో తెలుసా? అవినీతి నాయకుల భరతం పట్టే నిజాయితీపరుడైన ఐఏఎస్ అధికారి! శాసనసభలో ఇచ్చిన మాట మీద నీళ్లు చల్లి తెచ్చుకున్న జీవోతో, ప్రభుత్వంలో నీతి గురించి సినిమా చూపించారు. ఇంత వ్యంగ్యం రాయడం నావల్ల కాదు బాబూ. ప్రభుత్వమే రాసేస్తోంది, నాకు పని లేకుండా పోతోంది.

అయిపోలేదు. 2025 సెప్టెంబర్‌లో 'ఓజీ'కి మళ్లీ 800 ప్రీమియర్. అదే తెలంగాణ, అదే ముఖ్యమంత్రి. మళ్లీ హైకోర్టే కల్పించుకోవాల్సొచ్చింది. మధ్యలో జూన్ 14న గద్దర్ అవార్డులు. 'పుష్ప 2'కి ఉత్తమ నటుడు అల్లు అర్జున్, ఇచ్చింది ముఖ్యమంత్రిగారు. జైలునుంచి బయటికొచ్చిన తేదీకి సరిగ్గా ఆరు నెలలు. నటుడికి నటన వచ్చు, అవార్డు ఇవ్వండి, తప్పేం లేదు. కానీ శాసనసభలో అంత బాగా నటించినవారికి ఏదీ లేదా?

ఇక సీరియళ్లకొద్దాం. ఇక్కడ టికెట్ లేదు. రక్తం పీలుస్తారు.

'కార్తీక దీపం' 2017లో మొదలై 2023దాకా నడిచింది. డాక్టర్‌గారు గుండె నిపుణుడు. భార్య మీద అనుమానం. పిల్ల తనదో కాదో తెలియదు. పరాయివాళ్ల గుండెలన్నీ కోసి చూసే మహానుభావుడికి డీఎన్‌ఏ పరీక్ష అనేది ఒకటుందని ఏళ్ల తరబడి తట్టలేదు! తెలుగు రాష్ట్రాల్లో చిన్నపిల్లలకి కూడా తట్టింది. తట్టితే సీరియల్ అయిపోతుంది కదా? అదండీ రహస్యం. ఆ భార్య వంటలక్కై కష్టపడాలి, మా ఇళ్లలో అత్తలూ కోడళ్లూ ఒకే సోఫాలో కూర్చుని ఏడవాలి, మధ్యలో డిటర్జెంటు అమ్ముడుపోవాలి.

'ఇంటింటి గృహలక్ష్మి' సంగతి ఇంకా రుచికరం. అది మా బెంగాల్ సరుకు. 2019లో స్టార్ జల్షాలో వచ్చిన 'శ్రీమయి'. మొగుడు ఇంకో ఆవిడతో తిరుగుతుంటే, ఇల్లాలు అందరికీ వండి వడ్డిస్తూ చివరికి తన కాళ్ల మీద నిలబడే కథ. మంచి కథే. హిందీలో 'అనుపమా' అయింది, తెలుగులో తులసి అయింది. బెంగాలీలు 2021లో ఇక చాలమ్మా అని ముగించేశారు. మనవాళ్లు 2024దాకా ఈడ్చారు! మా పక్కింటి బెంగాలీ బౌదీ (వదినగారు) అడిగింది, "మీ దగ్గర ఆవిడ ఇంకా కష్టాల్లోనే ఉందా?" అని. ఉందమ్మా. మా ఆడవాళ్ల కష్టాలకి రేటింగు ఎక్కువ. స్త్రీ సాధికారత అని ప్రోమోలో చూపిస్తారు. ఎపిసోడ్‌లో మాత్రం చెంపదెబ్బ మూడు కోణాల్లో, మూడుసార్లు, ఉరుములతో.

బెంగాలీలేదో పులుకడిగిన ముత్యాలని అనుకోకండి. వాళ్ల లెక్కా ఉంది నా దగ్గర. మన 'ఒక్కడు' ఇక్కడ 'జోర్'. 'అతడు' ఇక్కడ 'వాంటెడ్'. 'విక్రమార్కుడు' - 'బిక్రమ్ సింఘ'. 'బిజినెస్‌మేన్' - 'బాస్'. షాలిమార్ యార్డులో గూడ్సు బండ్లలాగా ఏడుపులు ఇటునుంచి అటు, తన్నులు అటునుంచి ఇటు. ఇందులో తలమానికం 'పాగ్లు'. శరత్ చంద్ర చటర్జీ మా పక్కనే బాజే శిబ్‌పూర్‌లో కాపురమున్నాడు. ఆయన దేవదాసుని 1953లో మనం సొంతం చేసుకున్నాం, అక్కినేని, సావిత్రి చిరంజీవులయ్యారు. తర్వాత ఆ పేరుకి సంబంధం లేని కథ అతికించి 2006లో ఇంకో 'దేవదాసు' తీశాం. 2011లో దాన్ని బెంగాలీకి 'పాగ్లు'గా తిరిగి అమ్మాం. శరత్ బాబు బతికుంటే ఏ హావ్‌డా కోర్టులోనో దావా వేసేవాడు.

ఆ 'పాగ్లు' హీరో దేవ్. 2014నుంచి పార్లమెంటు సభ్యుడు, ఇక్కడ అప్పటి అధికారపార్టీ తరఫున. 2025 ఆగస్టులో 'వార్ 2' వచ్చింది, హృతిక్‌తో మన జూనియర్ ఎన్టీఆర్. అదే రోజు దేవ్ 'ధూమకేతు'. హాళ్లు దొరకడం లేదని గగ్గోలు. వెంటనే పశ్చిమబెంగాల్ ప్రభుత్వ ఉత్తర్వు: ప్రతి హాల్లో, ప్రతి తెర మీద, ఏడాది పొడుగునా రోజుకొక బెంగాలీ ఆట, మధ్యాహ్నం 3కీ రాత్రి 9కీ మధ్యలో. మాతృభాష కోసమే సుమా! మంచిదే, భాష బతకాలి. కానీ చూశారా, అక్కడా ఇక్కడా ఒకటే తంతు. హీరో చట్టసభలో ఉంటాడు, ఉత్తర్వు హాల్లో పడుతుంది, బిల్లు మనకి వస్తుంది.

మనకీ బెంగాల్‌కీ ఈ లంకె పాతదే. 1934లో తెలుగు సినిమాకి సొంత గూడు లేదు. సి. పుల్లయ్య నటీనటుల్ని వెంటేసుకుని కలకత్తా వచ్చి, ఈస్టిండియా ఫిల్మ్ కంపెనీలో 'లవకుశ' తీశాడు. జనం బండ్లు కట్టుకుని చూశారు. ఇప్పుడు స్టూడియోలున్నాయి, నగరమంత ఫిల్మ్ సిటీ ఉంది. లేనిదల్లా, పనిచేసేవాడికి జీతం పెంచే బుద్ధి. 2025 ఆగస్టులో సినీ కార్మికులు 30 శాతం పెంపు అడిగి 18 రోజులు సమ్మె చేశారు. ఎన్ని చర్చలు, ఎన్ని లెక్కలు, పరిశ్రమ మునిగిపోతుందని ఎన్ని కన్నీళ్లు! చివరికి మహా అయితే 22.5 శాతం, అదీ మూడేళ్లకి ముక్కలుగా. లైట్‌బాయ్‌కి మూడేళ్లు. టికెట్ రేటుకి ఒక్క రాత్రి.

బాగున్నవీ చెప్తాను, లేకపోతే ఏడుపుగొట్టు అంటారు. '35 - చిన్న కథ కాదు'లో ఒక పిల్లాడికి లెక్కలు రాకపోవడం మీద కథ అల్లారు, మా ఇంట్లో పెద్దలు కూడా కదల్లేదు. 'కోర్ట్'లో ప్రియదర్శి వాదిస్తుంటే చట్టం పేరుతో పేద పిల్లాణ్ణి ఎలా నలుపుతారో అర్థమైంది. 'లిటిల్ హార్ట్స్'కి నవ్వి నవ్వి చచ్చాం. అర్ధరాత్రి ఆటలు లేవు, వెయ్యి రూపాయల టికెట్లు లేవు, పార్ట్ వన్ అని మోసం లేదు. కథ మొదలైంది, అయిపోయింది, ఇంటికొచ్చాం. ఈ మర్యాద పెద్ద హీరోలకెందుకు లేదు? 'దేవర' పార్ట్ వన్. 'హరిహర వీరమల్లు' పార్ట్ వన్. 'పుష్ప 2' చివర మూడో భాగానికి ముహూర్తం. సగం కథకి సగం డబ్బు తీసుకుంటారా? పెంచి తీసుకుంటారు!

మళ్లీ వేదికలెక్కి అడుగుతారు, జనం థియేటర్లకి ఎందుకు రావడం లేదని. ఎందుకొస్తారండీ? 'గేమ్ ఛేంజర్' జనవరి 10న హాల్లోకి, ఫిబ్రవరి 7న ఫోన్‌లోకి. 'హరిహర వీరమల్లు' జులై 24న హాల్లోకి, ఆగస్టు 20న ఫోన్‌లోకి. వెయ్యి పెట్టి చూసిన 'ఓజీ' సెప్టెంబర్ 25న హాల్లోకి, అక్టోబర్ 23న నెట్‌ఫ్లిక్స్‌లోకి. 27 రోజులు, 28 రోజులు. ఇంటికొచ్చే గ్యాస్ బండ కూడా కొన్నిసార్లు ఇంతకంటే ఎక్కువ రోజులు తీసుకుంటుంది.

అందుకని తెలుగు ప్రేక్షక మహాశయులారా, విశాఖలో ఉన్నా, వరంగల్‌లో ఉన్నా, మాలాగా హుగ్లీ ఒడ్డున పడి ఉన్నా ఒక్క మనవి. ఈసారి పెద్ద హీరో సినిమాకి అర్ధరాత్రి జీవో వచ్చిందని వినగానే, క్యాలెండర్‌లో ఆ తేదీ మీద గీత గీసి 28 రోజులు ఆగండి. ఈలోగా ఏదైనా చిన్న సినిమాకి మామూలు టికెట్ కొని, పగటిపూట వెళ్లి రండి.