ఇరవయ్యైదో గురువుకు తోకుంది

భాగవతం పదకొండో స్కంధంలో ఒక అవధూత తన 24 మంది గురువులెవరో యదు మహారాజుకు చెబుతాడు. ఆ అవధూత దత్తాత్రేయుడేనని పెద్దల మాట. నేల, నీరు, గాలి పోను ఆ జాబితాలో జీవాలు చాలానే ఉన్నాయి. పావురం ఉంది, కొండచిలువ ఉంది, ఏనుగు, జింక, చేప, సాలెపురుగు, ఆఖరికి కందిరీగ కూడా ఉంది. కుక్క లేదు. పిల్లి లేదు. బర్రె సంగతి ఎవరూ అడగనే లేదు. దత్తాత్రేయుడి పటంలో చూస్తేనేమో కాళ్ల దగ్గర నాలుగు కుక్కలు, వెనకాల ఓ ఆవు. రాత్రింబగళ్లు వెంట తిరిగేవాటిని వదిలేసి కందిరీగకు గురుపీఠం వేయడం అచ్చం మన ఆఫీసుల్లో ప్రమోషన్ల లాగే ఉంది.

గూడూరులో కూర్చున్న నాకు ఈ అన్యాయం మీద అంత పట్టింపు బీపీ వల్ల వచ్చింది. మాది మహబూబాబాద్ జిల్లా గూడూరు. నర్సంపేట నుంచి మానుకోట, అంటే మహబూబాబాద్, పోయే రోడ్డు మీద ఉంటుంది. 2016లో కొత్త జిల్లాలు అయ్యేదాకా వరంగల్ జిల్లాలో ఉన్నాం. చుట్టూ పత్తి, మక్క, మిర్చి. మిర్చి వేసినోడికి బీపీ రాకపోతే వరంగల్ ఎనుమాముల మార్కెట్ చూస్తూ ఊరుకోదు. డాక్టరు గోళీలు రాసిచ్చి, "పరేషాన్ గాకు పెద్దాయనా, ఊపిరి నిదానంగా తీసుకో" అన్నాడు. హైదరాబాద్‌లో ఉన్న మావాడు ఈ మాట విని నా ఫోన్లో ధ్యానం యాప్ ఒకటి ఎక్కించాడు. అందులో ఒక ఆడమనిషి "మీ శ్వాసను గమనించండి" అని మెత్తగా చెప్పేది. నేను సర్దుకుని కూర్చుని గమనించేలోపు ఉచిత గడువు అయిపోయిందని, ఇక మీదట నెలకింత కట్టాలని అదే మెత్తని గొంతుతో చెప్పింది. పుట్టినప్పటి నుంచి ఫుకట్‌గా తీసుకుంటున్న ఊపిరికి చందా ఏంటని ఫోన్ పక్కన పెట్టేశాను. పక్కన పెట్టిన చోట టైగరు పడుకుని ఉంది.

టైగరు మా కుక్క. పేరుకే టైగరు, దీపావళి టపాకాయలకు మంచం కిందికి దూరితే దాన్ని బయటికి రప్పించడానికి కోడికూర వండాలి. అయితే నిద్రపోతున్నప్పుడు దాని పొట్ట చూడాలి. పైకి, కిందికి, కాస్త ఆగి మళ్లీ పైకి. తొందర లేదు. ఆరోగ్యంగా ఉన్న కుక్క నిద్రలో నిమిషానికి 30 సార్ల లోపే ఊపిరి తీస్తుంది. మనిషి ఊరికే కూర్చుంటే 12 నుంచి 20 సార్లు. దాని పొట్ట లెక్కపెడుతూ కూర్చుంటే ఎప్పుడు తగ్గిందో తెలియదు గానీ నా ఊపిరి కూడా నిదానించేది. మా ఆవిడకు మాత్రం ఇది ధ్యానంలా కనిపించలేదు.

"ఏమయ్యా, కుక్క ముందల కూసొని ఏం లెక్కవెడుతున్నవ్? బర్రెకు గడ్డి ఎవలేస్తరు?"

"ప్రాణాయామం నేర్చుకుంటున్ననే."

"అది నేర్చుకుంటుందా, నువ్వు నేర్చుకుంటున్నవా?"

సరిగ్గా అప్పుడే టైగరు ఒక పెద్ద నిట్టూర్పు విడిచింది. ఆ నిట్టూర్పు నా మీదే విడిచిందని మా ఆవిడ తీర్పు ఇచ్చేసింది. శాస్త్రం అలా చెప్పదు. మన ఊపిరితిత్తుల్లో కోట్ల కొద్దీ చిన్న చిన్న గాలి తిత్తులుంటాయి. వాటిలో కొన్ని అప్పుడప్పుడు ముడుచుకుపోతాయి. ఒక్క పెద్ద శ్వాసతో వాటిని మళ్లీ తెరవడానికే ఒళ్లు నిట్టూరుస్తుంది. మనుషులం కూడా మనకు తెలియకుండానే గంటకు పన్నెండు సార్ల దాకా నిట్టూరుస్తామట. 2016లో అమెరికా పరిశోధకులు దీన్ని నడిపించే మెదడు కణాలను ఎలుకల్లో పట్టుకున్నారు కూడా. ఇదంతా మా ఆవిడకు విడమరిచి చెప్పాను. విని ఆమె కూడా నిట్టూర్చింది. అది గాలి తిత్తుల కోసం కాదని నాకు తెలుసు.

మే నెలలో గురువుగారి పద్ధతి పూర్తిగా మారిపోతుంది. నాలుక జానెడు బయటపెట్టి హా హా హా అని ఒకటే ఎగపోత. మొదట దీన్ని కపాలభాతి అనుకుని భక్తితో చూశాను. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, ఏదో కొద్దిగా అరికాళ్లకు మాత్రమే. లోపలి వేడిని నాలుక మీదుగా బయటికి తోలడానికి నిమిషానికి 300 సార్ల దాకా కూడా ఎగపోస్తుంది. కాబట్టి ఎండాకాలంలో కుక్క దగ్గర ప్రాణాయామం నేర్చుకోకండి, కళ్లు తిరిగి పడిపోతారు.

అసలు పాఠం కోతులు వచ్చిన రోజు జరిగింది. మా దిక్కు కోతుల సంగతి తెలంగాణలో ఎవరికీ చెప్పక్కర్లేదు. గూనపెంకులు ఊడబీకుతాయి, మక్క చేను మనకంటే ముందు కోస్తాయి. ఆ రోజు వాకిట్లో కూర్చుని వేడి వేడి సర్వపిండి తుంచబోతుంటే గోడ మీది నుంచి ఒక గండుకోతి దిగి, నా చేతిలోది చేతిలోనే గుంజుకుని వేపచెట్టు ఎక్కింది. టైగరు గొంతు చించుకుని మొరిగింది. చెట్టు చుట్టూ తిరిగింది. కోతి పళ్లు ఇకిలించగానే రెండడుగులు వెనక్కి వేసి, అక్కణ్నుంచి ఇంకా గట్టిగా మొరిగింది. కాసేపటికి మంద వెళ్లిపోయింది. టైగరు తల నుంచి తోక దాకా ఒక్కసారి ఒళ్లు దులుపుకుంది. ఉన్నచోటే గుండ్రంగా తిరిగి ముడుచుకుని పడుకుంది. చూస్తుండగానే పొట్ట మళ్లీ పైకి, కిందికి.

నేనో? ముందు పక్కింటివాళ్లకు చెప్పాను. తర్వాత చాయ్ హోటల్లో చెప్పాను. మావాడికి ఫోన్ చేసి చెప్పాను. సాయంత్రానికి ఒక సర్వపిండి నాలుగయ్యాయి, కోతులు నలభై అయ్యాయి. రాత్రి మంచం మీద పడుకుని, ఆ కోతికి ఏం సమాధానం చెప్పి ఉండాల్సిందో ఆలోచించాను. కోతి నా చేతిలోంచి సర్వపిండి గుంజుకుపోయింది ఒక్కసారే. నేను మాత్రం దాని చేత నిద్ర పట్టేదాకా గుంజించుకుంటూనే ఉన్నాను. మర్నాడు బీపీ చూసిన నర్సమ్మ మిషన్ చెడిపోయిందేమోనని ఇంకోటి తెచ్చింది.

స్టాన్‌ఫర్డ్‌లో రాబర్ట్ సపోల్స్కీ అనే శాస్త్రవేత్త జీబ్రాలకు అల్సర్లు ఎందుకు రావని 1994లో ఒక పుస్తకమే రాశాడు. సింహం తరిమినంత సేపే జీబ్రాకు భయం, తప్పించుకున్నాక గడ్డి మేస్తుంది. మనిషి అలా కాదు, లేని సింహాన్ని తలచుకుని కూడా గుండె దడదడలాడించుకుంటాడు. ఆయన మా మిర్చి రైతులను చూసి ఉంటే సింహం కూడా అవసరం లేదని, రేపటి ధర చాలని రాసేవాడు.

పిల్లి గురించి ఎక్కువ చెప్పను, దానికీ నాకూ పడదు. రోజుకు 12 నుంచి 16 గంటలు నిద్రపోయే జీవికి ప్రశాంతత ఉండడంలో గొప్పేముంది? జూన్ 21న బడి గ్రౌండులో యోగా దినం నాడు మా ఊరి పెద్దమనుషులంతా నడుములు పట్టుకుని మార్జాలాసనం వేస్తుంటే, అది గోడ మీద కూర్చుని ఒంటి కాలు పైకెత్తి నాక్కుంటూ చూసింది. ఆ చూపు నాకు నచ్చలేదు. పైగా పిల్లి గుర్రుగుర్రుమంటే హాయిగా ఉందనే అనుకోకూడదు, నొప్పి ఉన్నా గుర్రుమంటుంది. మనసులో మాట బయటపెట్టని గురువుతో వేగలేం.

బర్రె దగ్గర ఆ గొడవ లేదు. చిన్నప్పుడు సారు ఎంత చెప్పినా ఎక్కకపోతే, దున్నపోతు మీద వాన కురిసినట్టుందని వీపు మీద ఒకటి ఇచ్చేవాడు. ఇప్పుడు హైదరాబాద్‌లో నాగార్జునసాగర్ రోడ్డులో ఉన్న విపశ్యన కేంద్రంలో పది రోజులు మౌనంగా కూర్చోబెట్టి, ఒంటి మీద దురద పుట్టినా నొప్పి పుట్టినా చలించకుండా చూస్తూ ఉండమని నేర్పిస్తున్నారు. అక్కడ ఫీజు లేదు, ఆ మాట చెప్పాలి. వానలో నిలబడ్డ మా బర్రెను చూశాక, సారు నన్ను తిట్టాడా మెచ్చుకున్నాడా అని అనుమానం వచ్చింది. అయితే దాని శాంతంలోనూ కొంత ఒంటి అవసరమే ఉంది. నల్ల తోలు ఎండను పీల్చేస్తుంది, చెమట గ్రంథులేమో ఆవుతో పోలిస్తే చాలా తక్కువ. వానైనా, కుంటలో బురదైనా దానికి చల్లదనం. ఆపైన గంటల తరబడి నెమరేస్తుంది. నెమరు మనమూ వేస్తాం, పదేళ్ల కిందటి గెట్టు పంచాయితీని. దానికి పాలొస్తాయి, మనకు ఎసిడిటీ వస్తుంది.

వానాకాలం ఆదివారాల్లో మా మండలంలోని భీముని పాదం జలపాతానికి పట్నం నుంచి కార్లలో జనం వస్తారు. ప్రశాంతత కోసమని చెబుతారు, స్పీకర్లు కూడా తెచ్చుకుంటారు. దారిలో రోడ్డుకు అడ్డంగా బర్రెలు నిలబడితే హారన్ మీది చెయ్యి తీయరు. బర్రెలు కదలవు. అసలు శిబిరం అక్కడే నడుస్తోందని వాళ్లకు చెప్పేవాళ్లు లేరు.

నా బీపీ గోళీ ఆగలేదు, కుక్కను చూసి మీరూ ఆపకండి. ఇంట్లో కుక్క ఉంటే మాత్రం అది నిద్రపోయేటప్పుడు పొట్ట ఒక నిమిషం లెక్కపెట్టండి. అది హాయిగా నిద్రలో ఉండగా కూడా లెక్క 30 దాటుతూ ఉంటే గుండెలోనో ఊపిరితిత్తుల్లోనో తేడా ఉండొచ్చు, పశువుల డాక్టరుకు చూపించండి. మనుషుల అంబులెన్సుకు 108 నొక్కినట్టే పశువుల అంబులెన్సుకు 1962 నొక్కాలి. అంకె ఒకటి ఎక్కువ, నిదానంగా నొక్కండి.