రెండో మెదడుకు నెలచందా

నోట్సు రాసుకునే సాఫ్ట్‌వేర్ మనిషికి రెండో మెదడుగా పనిచేస్తుందన్న సిద్ధాంతాన్ని టియాగో ఫోర్టే 2022లో పుస్తకరూపంలో ప్రచురించారు; మొదటి మెదడు అప్పటికి ఏ మేరకు వాడుకలో ఉందన్న ప్రశ్నను ఆయన అనుయాయులు మర్యాదకొద్దీ లేవనెత్తలేదు. ఈ పద్ధతిలో సమాచారమంతా నాలుగు అరల్లో ఇమడాలి: గడువున్న పనులను ప్రాజెక్టులనీ, గడువులేని బాధ్యతలను ఏరియాలనీ, ఎన్నడైనా అక్కరకు రావచ్చనిపించేవాటిని రిసోర్సులనీ, కదలిక ఆగిపోయినవాటిని ఆర్కైవులనీ వ్యవహరిస్తారు. ఇందులోని గొప్ప సౌకర్యమేమంటే, చేయని పనిని మొదటి అర నుంచి నాలుగో అరకు జరిపినప్పుడు కూడా ఏదో పని జరిగినట్లే ఉంటుంది.

సేకరణ మరింత సులభం. తెరమీద కనిపించిన పేజీని ఉన్నదున్నట్లుగా నోట్సులోకి లాక్కునే సాధనాన్ని వెబ్ క్లిప్పర్ అంటారు. దాన్ని నొక్కిన క్షణంలోనే వ్యాసం చదివినంత తృప్తి కలుగుతుంది కనుక, ఇక చదవవలసిన అవసరం ఆ తృప్తితోనే తీరిపోతుంది. ఆపైన ట్యాగులు, ట్యాగులకు రంగులు, రంగులకు ఒక నియమావళి. జాడీలన్నీ కడిగి ఆరబెట్టి, ఒక్కొక్కదానిపై ఆవకాయ, మాగాయ, తొక్కుపచ్చడి అని పేర్లు అంటించి, మామిడికాయలు కొనడం మాత్రం వచ్చే ఏడాదికి వాయిదా వేసిన ఇంటి శ్రద్ధ ఇందులో కనిపిస్తుంది. 2020లో వచ్చిన అబ్సిడియన్ అనే నోట్సు సాఫ్ట్‌వేర్ అయితే నోట్ల మధ్యనున్న లంకెలను చుక్కలు, గీతల పటంగా గీసి చూపుతుంది. ఏ చుక్కలో ఏముందో గుర్తులేకపోయినా ఆ పటం అందానికి లోటు రాదు.

ఇంతటి కృషికీ ప్రమాణంగా చూపే పెద్దమనిషి జర్మన్ సామాజికశాస్త్రవేత్త నిక్లాస్ లూమన్ (1927–1998). ఆయన సెట్టెల్‌కాస్టెన్, అంటే చీటీల పెట్టె, సుమారు 90,000 చీటీలతో నేడు బీలెఫెల్డ్ విశ్వవిద్యాలయం సంరక్షణలో ఉంది. చదివినదాన్ని ఆయన తన మాటల్లో చేత్తో రాసుకుని, ఒక ఆలోచన పక్కన దానికి దగ్గరి ఆలోచనను చేర్చి, వాటిని అంకెలతో ముడిపెట్టుకుంటూ 50కి పైగా పుస్తకాలు రాశారన్న సంగతి అనుయాయులకు తెలియనిది కాదు. అయితే వారి పోటీ చీటీల సంఖ్యతోనే గాని పుస్తకాల సంఖ్యతో కాదు.

పైగా లూమన్ పెట్టె ఆయన సొంతం, రెండో మెదడు చాలామందికి అద్దెది. 2008లో జనానికి అందుబాటులోకి వచ్చిన ఎవర్‌నోట్ అనే నోట్సు సాఫ్ట్‌వేర్, 2023 డిసెంబరులో ఉచిత ఖాతాలను 50 నోట్లకు పరిమితం చేసింది. పాతవాటిని చదువుకోవచ్చు, దిద్దుకోవచ్చు, తుడిచివేయవచ్చు గాని, ఆ హద్దు దాటినవారి రెండో మెదడులో కొత్త ఆలోచన పుట్టాలంటే చందా కట్టవలసిందే.