కాలం కంటే ముందొచ్చిన దయ్యం

ఆడని ప్రతి సినిమాకీ మనవాళ్లు వేసే దండ ఒకటుంది: ‘కాలం కంటే ముందొచ్చింది’. ఫిలింనగర్‌లో ఈ దండ మహా చవక. అమెరికాలోనూ అంతే చవకని 1977 నాటి ‘స్పెక్టర్’ భక్తుల్ని చూస్తే తెలుస్తుంది.

‘స్టార్ ట్రెక్’ సృష్టికర్త జీన్ రాడెన్‌బెర్రీ సీరియల్‌కి పైలట్‌గా, అంటే మచ్చుకి, తీసిందది. విలియం సెబాస్టియన్ అనే నేరశాస్త్రవేత్త దయ్యాల మీద దర్యాప్తు చేస్తుంటాడు. తోడుగా తాగుబోతు డాక్టరు హామిల్టన్. ఇంటి పనులకి లిలిత్ అనే మంత్రగత్తె. ఆ వేషం రాడెన్‌బెర్రీగారి శ్రీమతిదే, బయటివాళ్లకెందుకు ఇవ్వడం! మిత్రులిద్దరూ ఇంగ్లండులో ఓ శ్రీమంతుల భవంతికెళ్లి అస్మోడియస్ అనే రాక్షసుడి గుట్టు తేలుస్తారు. ఎన్‌బీసీ చానల్ దాన్ని టీవీ సినిమాగా వేసింది, సీరియల్‌గా మాత్రం కొనలేదు.

అంతే, అప్పట్నుంచీ ఒకటే పాట: పాపం, జనం ఇంకా సిద్ధంగా లేరట.

లేకేం? 1972లోనే ఏబీసీ చానల్లో ‘ద నైట్ స్టాకర్’ వచ్చింది. లాస్ వేగాస్‌లో రక్తపిశాచి వెంటపడే విలేకరి కోల్చాక్ కథ. అప్పటిదాకా వచ్చిన ఏ టీవీ సినిమానీ అంతమంది చూడలేదు. 1973లో సాక్షాత్తూ ఈ ఎన్‌బీసీయే అదే బాపతు ‘ద నార్లిస్ టేప్స్’ వేసింది, ‘బాఫుల్డ్’ వేసింది. రెండోదాంట్లో హీరో మన ‘స్టార్ ట్రెక్’ స్పాక్, లెనార్డ్ నిమాయ్. రెండూ అమ్ముడుపోని పైలట్లే. 1974లో కోల్చాక్ సీరియల్ అయ్యాడు. 20 ఎపిసోడ్లకే, 1975లో, దుకాణం కట్టేశాడు. ఆ తర్వాత రెండేళ్లకి వచ్చిన సెబాస్టియన్ బంతి లేచాక విస్తరి పట్టుకొచ్చిన చుట్టం.

పోనీ, ఆలోచనైనా కొత్తదా అంటే, దయ్యాల కేసులు చూసే డాక్టరు జాన్ సైలెన్స్‌ని ఆల్జర్నాన్ బ్లాక్‌వుడ్ 1908లోనే పుస్తకంలోకెక్కించాడు. తెలివైన డిటెక్టివు, పక్కనో డాక్టరు అన్న జోడీ 1887 నాటి హోమ్స్, వాట్సన్‌లది. తొంభై ఏళ్లు ఆలస్యమైనవాడికి ముందొచ్చిన బహుమతి ఎలా ఇస్తారో అస్మోడియస్‌కే తెలియాలి.

1993లో ఇలాంటి కథలతోనే వచ్చిన ‘ఎక్స్-ఫైల్స్’ సీరియల్ ఆడింది కదా, అదే సాక్ష్యం అంటారు. దాన్ని పుట్టించిన క్రిస్ కార్టర్ మాత్రం తనకి స్ఫూర్తి కోల్చాక్ అని చెప్పుకున్నాడు. సెబాస్టియన్ పట్టుకున్న దయ్యమైనా వదిలిందేమో గానీ, భక్తుల్ని పట్టుకున్న ఈ మాట వదల్లేదు.

అన్నట్టు, ఐరోపా థియేటర్లలో ‘స్పెక్టర్’ని నగ్న దృశ్యాలు కలిపి ఆడించారు. కాలానికి అంత ముందున్న కథకి అంత పాత చిట్కా ఎందుకు కావలసి వచ్చిందో మరి!