వారంటీ: 1380 కోట్ల ఏళ్లు

డేటా దాచే గాజుబిళ్ల వార్త మళ్లీ వచ్చింది. 360 టెరాబైట్లు పడతాయట, 190 డిగ్రీల వేడిలోనూ 1380 కోట్ల ఏళ్లు చెక్కుచెదరదట. మీరూ చదివే ఉంటారు. 2013లో సౌతాంప్టన్ యూనివర్సిటీ వాళ్లు తొలిసారి చూపించినప్పటి నుంచీ చదువుతూనే ఉన్నాం. ఈసారి వాదన పెట్టుకోను. నమ్మేశాను. వారంటీ కార్డు మీద షాపు ముద్ర పడటమే తరువాయి.

కాకపోతే కార్డులో కొన్ని సంగతులు తేలాలి. ఇంకో 750 కోట్ల ఏళ్లకు అటూఇటూగా సూర్యుడు ఉబ్బి భూమిని మింగేసేలా ఉన్నాడు. వారంటీ అప్పటికింకా 600 కోట్ల ఏళ్లకు పైగా మిగిలే ఉంటుంది. దాన్ని ‘ఫిజికల్ డ్యామేజీ’ కింద కొట్టిపారేస్తారా? కోఠి సర్వీస్ సెంటర్‌కి పట్టుకురమ్మంటే, కోఠి ఏదీ? ఒరిజినల్ బిల్లు తప్పనిసరి అంటారు. అదేమో నాలుగు నెలలకే అక్షరాలు ఎగిరిపోయే థర్మల్ కాగితం. నామినీ గడిలో మనవడి పేరు చాలదు, ‘ఎవరు మిగిలితే వారు’ అని రాసుకోవాలి. బిళ్లను చదవడానికి మైక్రోస్కోపు, పోలరైజరు కావాలి. వాటి వారంటీ ఏడాదేనంటే కుదరదు మరి.

ఇక నింపడం. 2021లో అదే బృందం 500 టెరాబైట్ల బిళ్ల గురించి రాస్తూ వేగం సెకనుకు 230 కిలోబైట్లంది. ఆ లెక్కన ఒక్క బిళ్లకు దాదాపు 70 ఏళ్లు. బారసాల నాడు మొదలెడితే భీమరథ శాంతికి నిండుతుంది. ఒకేసారి పలుచోట్ల చెక్కితే 60 రోజులు చాలని వాళ్ల అంచనా. అంచనాకు వారంటీ ఉండదు.

పరిశోధకులను ఏమీ అనను. వేగమెంతో వాళ్లే దాచకుండా రాశారు. దాన్ని మింగేసి ఆయుష్షును మాత్రం హెడ్డింగుకెక్కించినవాళ్ల మీదే నా కడుపుమంట. ఇంతకుముందూ ఇదే తంతు. బెల్ ల్యాబ్స్ నుంచి విడివడిన కంపెనీ ఇన్‌ఫేజ్, హోలోగ్రాఫిక్ డిస్కులో 300 జీబీ ఇదిగో అదిగో అంటూ చివరికి మూతపడింది. ఇదిగో అన్న వార్త వేసినవాళ్లలో ఎందరు మూత వార్త వేశారు?

బజారులో మూడేళ్ల వారంటీతో కొన్న హార్డ్‌డిస్కు ఏడాదికే చస్తే, కొత్తది చేతిలో పెట్టి పంపుతారు. అందులో దాచుకున్న, ఇప్పుడు లేని అమ్మ గొంతుకు మాత్రం పూచీ లేదు. ఆ ముక్క కార్డు వెనక చీమతలకాయంత అక్షరాల్లో ఉంటుంది. మూడేళ్లు ఆ గొంతుకు హామీ పడలేని వ్యాపారానికి సూర్యుడి తర్వాతి సంగతులు మాట్లాడటానికి సిగ్గుండాలి.