నాలుగు గంటల దుబాయి

హైదరాబాద్ నుంచి దుబాయి ఎంత దూరమని ఫోన్‌ను అడిగితే ఠక్కున చెబుతుంది: సుమారు 2,550 కిలోమీటర్లు, నాలుగు గంటలు. పైగా అక్కడి గడియారం మనకంటే గంటన్నర వెనక. పొద్దున పదింటికి శంషాబాద్‌లో ఎగిరినవాడు అక్కడి టైం ప్రకారం పన్నెండున్నరకే దిగుతాడు. ఊళ్లో ఏజెంటు చెప్పే లెక్కా ఇదే.

బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అంటూ కరీంనగర్ బతుకుల్ని మూడు ముక్కల్లో తేల్చేసిన జనం మాత్రం దీన్ని అంత తేలిగ్గా నమ్మరు. ఆదిలాబాద్ జిల్లా జైనథ్ మనిషికి ప్రయాణం శంషాబాద్‌లో మొదలుకాదు కదా! ముందు ఆదిలాబాద్ చేరాలి. అక్కడి నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద 300 కిలోమీటర్లు దక్షిణానికి, బస్సులో ఆరేడు గంటలు. ఆ తర్వాత విమానమెక్కి వాయవ్యానికి. మ్యాప్ మీద స్కేలు పెట్టి చూస్తే అసలు తమాషా తెలుస్తుంది: దుబాయికి హైదరాబాద్ కంటే ఆదిలాబాదే దాదాపు 90 కిలోమీటర్లు దగ్గర.

ఆదిలాబాద్‌లో నిజాం కాలపు ఎయిర్‌స్ట్రిప్ ఉంది. రామగుండం పక్కన బసంత్‌నగర్‌లో ఇంకో ఎయిర్‌స్ట్రిప్. రెండు చోట్లా ఎన్నికలకో విమానం చొప్పున ఎగురుతూనే ఉంది, మైకులో. 2025లో ఆదిలాబాద్‌ విమానాశ్రయానికి వైమానిక దళం సరేనంది. ఇక కొబ్బరికాయల ధరలు పెరగొచ్చు.

అయినా జాప్యమంతా గాల్లో ఉంటుందా? పాస్‌పోర్టు, మెడికల్, వీసా. వాటి మధ్య ఏజెంటు గారి 'వచ్చే వారం పక్కా'. ఆ వారం ఏ క్యాలెండర్‌లోనూ కనపడదు. ఈలోగా నూటికి రెండో మూడో వడ్డీకి తెచ్చిన అప్పు మాత్రం ఏ వీసా అవసరం లేకుండానే పెరుగుతుంది. నాలుగు గంటలు కూర్చున్నందుకు ఏళ్ల తరబడి కిస్తీలు.

తిరుగు ప్రయాణమూ కాగితం మీద నాలుగు గంటల లోపే. సిరిసిల్ల ప్రాంతం నుంచి పోయి ఓ కేసులో ఇరుక్కున్న ఐదుగురు కూలీల్లో కొందరు 2024 ఫిబ్రవరిలో దుబాయి జైలు నుంచి ఇల్లు చేరారు. మధ్యలో సుమారు 18 ఏళ్లు పోయాయి. విమానం ఆలస్యమైందని ఎవరూ ఫిర్యాదు చేసినట్టు లేదు.

కాబట్టి దుబాయి పోయే తమ్ముళ్లూ, విమానం ఎన్ని గంటలని ఏజెంటును అడగకండి. లైసెన్సు నంబరు అడిగి, ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో సరిచూసుకోండి. విజిట్ వీసా చేతిలో పెట్టి 'అక్కడికి పోయాక మార్చుకోవచ్చు' అంటే ఆ వీసా అతనికే ఇచ్చి రండి. పదో తరగతి పాసుకాని వాళ్లు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకునే పోవాలి. దాంతోపాటు తీసుకునే ప్రవాసీ భారతీయ బీమాకు మూడేళ్ల ప్రీమియం 375 రూపాయలు, పన్నులు అదనం. ప్రమాదంలో చనిపోతే కుటుంబానికి 10 లక్షలు వస్తాయి.