మొండితోక ముని: టీకా తాత్పర్య సహితము

ఆ. తోక తెగిననేమి తొలగదు బతుకన్న
రెప్ప లేని కంట రేయి గడిపి
పండు నాకి తిరుగు పచ్చని దీవిలో
ముళ్ల కనుల బల్లి మునికి సాటి

అవతారిక: పసిఫిక్ మహాసముద్రమందలి న్యూ కాలెడోనియా అడవులలో వసించు క్రెస్టెడ్ గెకో అను చెట్టుబల్లిని కవి కొనియాడుచున్నాడు.

టీక: తోక తెగిననేమి = తోక ఊడినంత మాత్రమున కొంప మునుగునా; బతుకు తొలగదు అన్న = ప్రాణము దక్కినది చాలుననెడి; రెప్ప లేని కంటన్ = మూయుటకు రెప్ప లేక, పారదర్శకమైన పొర మాత్రమే గల కంటితో; రేయి గడిపి = రాత్రి మేతకు తిరిగి (పగలు నిద్రయని భావము); పండు నాకి = మెత్తబడిన పండును నాకి (పూదేనెయు, పురుగులును ఇందే చేరును; పురుగుల మాట కవి మరుగుపరచినాడు); పచ్చని దీవిలోన్ = గ్రాండ్ టెర్ దక్షిణ భాగమునను, చుట్టుపట్ల దీవులలోను; తిరుగు = సంచరించునట్టి; ముళ్ల కనుల బల్లి = కనుల పైని ముళ్లంచు గల బల్లి; మునికి సాటి = మునితో సమానము.

తాత్పర్యము: ఆపద వచ్చినచో ఈ బల్లి తోకను విడిచి పారిపోవును. మన గోడబల్లికి తోక మరల మొలచును. దీనికి ఎన్నటికిని మొలవదు. అడవిలో పెరిగిన వాటిలో పెక్కింటికి తోకయే ఉండదు. మరల వచ్చునని ఎరిగి ఇచ్చునది అప్పు. రాదని ఎరిగి ఇచ్చునది త్యాగము. మునితో పోల్చుట అందువలననే.

విశేషములు: రెప్పలు లేవు, రెప్పవెంట్రుకల వంటి ముళ్లు మాత్రము కలవు, ఇది విరోధాభాసము. కంట దుమ్ము పడినచో నాలుకతో నాకి తుడుచుకొనును. 1866లో గిషెనో అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దీనిని గ్రంథస్థము చేసెను. ఆపైన కానరాకపోవుటచే అంతరించినదని పండితులు తలచిరి. 1994లో మరల కనబడెను. పాండవుల అజ్ఞాతవాసము ఒక్క ఏడాదే గదా! ఇంతటి ఘట్టమును కవి విడిచిపెట్టుట దోషము.

పూర్వపక్షము: దేశదేశముల ఇండ్లలో గాజుపెట్టెలందు కాపురముండు బల్లి ముని యెట్లగును?

సమాధానము: పెంపుడు బల్లులు పెంపకములో పుట్టిన సంతతి, పద్యము అడవి బల్లిని గూర్చినది.

ఫలశ్రుతి: ఈ టీక చదివినవారికి పుణ్యము వచ్చునో రాదో గాని, ఒక్కటి తెలియవలెను. ఓడలెక్కి వచ్చిన ఎలుకలును, పరదేశపు నిప్పుచీమలును ఇప్పుడా అడవులలో చేరినవి. తోక నిచ్చిన తృప్తిపడు శత్రువులు కావవి. వాటిని తెచ్చినది మనుష్యుడు గనుక, వెళ్లగొట్టు బాధ్యతయు మనుష్యునిదే.